బంగారు నానో కణాలు నీలంగా మారుతున్నాయా? ఓ ఎమ్మెస్సీ విద్యార్థిని ప్రశ్నకు జవాబు

ప్రశ్న: నేను తిరుపతిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకు ఐదు నెలలు టైముంది. బంగారు నానో కణాలతో డెంగీ ఎన్ఎస్1 యాంటిజెన్‌ను (డెంగీ సోకితే రక్తంలో కనిపించే వైరస్ ప్రొటీన్) పట్టే స్ట్రిప్ చేద్దామని మొదలుపెట్టాను. మొదటిసారి ద్రావణం ఎర్రగా, చక్కగా వచ్చింది. తర్వాత రెండుసార్లు ఊదా రంగులో వచ్చి, తెల్లారేసరికి అడుగున నల్లగా పేరుకుంది. బాగా వచ్చినదాంట్లో ఎన్ఎస్1ను పట్టుకునే యాంటీబాడీ కలిపితే నిమిషంలో నీలమైపోయింది. ఇదంతా ఎందుకు, ఎర్రచందనం ఆకుల రసంతో వెండి నానో కణాలు చేసి క్యాన్సర్ కణాల మీద వేస్తే వారంలో రిజల్టు వస్తుందని తోటివాళ్లు అంటున్నారు. మా గైడ్ దేనికైనా సరే అన్నారు. నేను ఏది పట్టుకోవాలి? బంగారం ఎందుకు చెడిపోతోంది? - ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: బంగారాన్ని వదలకండమ్మా. మీకు ఎదురైన రెండు ఇబ్బందులకూ కారణాలు మీ ఉత్తరంలోనే కనిపిస్తున్నాయి, రెండూ సరిదిద్దుకోగలిగినవే. యాంటీబాడీ పడగానే నీలమైంది కదా, ముందు దాని సంగతి చూద్దాం. ఖరీదైన సీసా అదే కాబట్టి ఇంకో బొట్టు కలిపేలోపు ఇది తెలియాలి.

బంగారు కణాలు విడివిడిగా ఉన్నంతసేపు 520 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటాయి, అందుకే మనకు ఎర్రగా కనిపిస్తాయి. ఒకదానికొకటి అతుక్కుంటే ఆ పీల్చుకునే చోటు 600 దాటి జరుగుతుంది, రంగు నీలమవుతుంది. వాటిని విడిగా ఉంచేది పైన పట్టుకుని ఉన్న సిట్రేట్ (తయారీలో కలిపే లవణం). దాని రుణావేశం వల్ల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇందులో ఉప్పు పడిందా, సోడియం అయాన్లు ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. పాలలో నిమ్మరసం పిండినట్టు క్షణాల్లో విరిగిపోతుంది. కుదిపినా, వేడిచేసినా, నీళ్లు పోసినా మళ్లీ ఎరుపు రాదు. ఆ బ్యాచ్ పారబోయాల్సిందే.

మరి ఉప్పు ఎక్కడినుంచి వచ్చింది? యాంటీబాడీ సీసాలోంచే. కంపెనీలు దాన్ని ఎక్కువగా పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో (పీహెచ్ మారకుండా చూసే ద్రావణంలో) పోసి పంపిస్తాయి. పీబీఎస్ లీటరుకు 8 గ్రాముల సోడియం క్లోరైడ్ ఉంటుంది. సీసాతో వచ్చిన కాగితం తీసి చదవండి. పీబీఎస్, కొంచెం సోడియం అజైడ్ (చెడిపోకుండా వేసేది), ఒక్కోసారి సగానికి సగం గ్లిజరాల్ రాసి ఉంటాయి. వీటన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇంకొకటుంది: బీఎస్ఏ (ఆవు రక్తంలోంచి తీసిన ప్రొటీన్) గానీ జెలటిన్ గానీ కలిపామని రాసి ఉండటం. బీఎస్ఏ ఉంటే బంగారం నీలం కాదు, ఎర్రగానే ఉంటుంది. అంతా బాగుందనుకుంటాం. నిజానికి యాంటీబాడీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సంఖ్యలో ఉన్న బీఎస్ఏ ముందే వెళ్లి కణం మీద కూర్చుని ఉంటుంది, యాంటీబాడీకి చోటే మిగలదు. స్ట్రిప్ మీద టెస్ట్ గీత రాదు, ఎందుకు రాలేదో నెలైనా అంతుపట్టదు. అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడే బీఎస్ఏ, జెలటిన్ లేని యాంటీబాడీ కావాలని రాసి అడగండి.

చేతిలో ఉన్నది మామూలు పీబీఎస్‌లో ఉంటే డయాలిసిస్ చేయండి, అంటే పల్చని పొర సంచిలో పోసి ఉప్పు బయటి బఫర్‌లోకి పోయేలా చేయడం. 2 మిల్లీమోలార్ బోరేట్, పీహెచ్ 8.5 నుంచి 9 మధ్య, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా, మధ్యలో రెండుసార్లు బఫర్ మార్చాలి. అంత టైము లేకపోతే 30 కిలోడాల్టన్ల స్పిన్ ఫిల్టర్‌లో (యాంటీబాడీని ఆపి ఉప్పును వదిలేసే జల్లెడ) మూడుసార్లు కడిగినా పనవుతుంది. ఆ తర్వాత 280 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి పీల్చుకుంటుందో కొలవండి. ఐజీజీ రకం యాంటీబాడీ అయితే రీడింగ్ 1.4 ఉంటే మిల్లీలీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము ఉన్నట్టు. కడగడంలో కొంత యాంటీబాడీ పోతుంది, కాబట్టి సీసా మీద రాసిన లెక్కను నమ్ముకుని ముందుకు వెళ్లొద్దు.

ఇక ఊదా రంగు సంగతి. మొదటిసారి బాగా వచ్చి, అవే రసాయనాలతో తర్వాత రెండుసార్లు చెడిందంటే అందరికన్నా ముందు అనుమానించాల్సింది ఫ్లాస్కును. బంగారం తయారయ్యేటప్పుడు కొంత గాజు గోడకు కంటికి కనిపించనంత పల్చగా పట్టుకుంటుంది. సబ్బుతో తోమితే పోదు. తర్వాతి బ్యాచ్‌లో కొత్త బంగారం దానిమీదే పేరుకుంటూ పోతుంది, కణాలు తలో సైజులో పెరుగుతాయి. ద్రావణాన్ని తిప్పే మాగ్నెటిక్ బీడ్‌కు గీతలు పడి ఉంటే అక్కడా ఇదే జరుగుతుంది.

దీన్ని బాగా వదిలించేది ఆక్వా రీజియా. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్లు, గాఢ నైట్రిక్ ఆమ్లం ఒక పాలు. ఫ్యూమ్ హుడ్‌లోనే కలపాలి, హైడ్రోక్లోరిక్‌లోకి నైట్రిక్‌ను మెల్లగా పోయాలి, అప్పటికప్పుడు కావలసినంతే చేసుకోవాలి. ముఖానికి షీల్డ్, చేతులకు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. మూత బిగించిన సీసాలో ఎప్పుడూ దాచకూడదు, వాయువులు పుట్టి సీసా పగులుతుంది. అసిటోన్, ఇథనాల్‌తో కడిగిన గాజుసామాను తడిగా ఉండగా ఇది పోయకూడదు. గైడ్ గానీ ల్యాబ్ టెక్నీషియన్ గానీ పక్కన లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఇది చేయనివ్వకపోతే బలవంతం చేయకండి. కొత్త ఫ్లాస్కు, కొత్త బీడ్ కొని దీనికే వాడుకోండి, ఐదారు బ్యాచ్‌లతో ప్రాజెక్టు గడిచిపోతుంది కాబట్టి బ్యాచ్‌కో ఫ్లాస్కు అనుకున్నా పెద్ద ఖర్చేమీ కాదు.

నీళ్లు రెండో అనుమానం. మన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. రెండు ధనావేశాలున్న కాల్షియం సోడియంకన్నా చాలా తక్కువ మోతాదులోనే కణాలను విరగ్గొడుతుంది. హాస్టల్ ఆర్వో నీళ్లు, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ దీనికి పనికిరావు. మెషీన్ మీద 18.2 మెగాఓమ్ చూపించే, అంటే లవణాలు దాదాపు లేని నీళ్లే కావాలి. ఆ మెషీన్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉంటే రెండు లీటర్లు అడిగి తెచ్చుకోండి, గాజుసామాను చివరిసారి కడగడానికి కూడా ఆ నీళ్లే వాడండి.

ఇప్పుడు తయారీ. టర్కెవిచ్ 1951లో చెప్పిన పద్ధతిని ఫ్రెన్స్ 1973లో కణాల సైజు మన చేతిలో ఉండేలా దిద్దాడు. మీరు చేయాల్సింది అదే. బంగారు క్లోరైడ్ ఒక గ్రాము సీసా తెప్పించి, తూకం వేయకుండా మొత్తం 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించేయండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి తూకం నిలకడగా ఉండదు. స్టీలు స్పాచులా తగిలితే ఆ లోహం మీదే బంగారం దిగిపోతుంది. ఈ ఒక శాతం ద్రావణాన్ని ముదురు రంగు సీసాలో 4 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే మొత్తం 10 లీటర్ల బంగారు ద్రావణానికి సరిపోతుంది, అంటే మీ ప్రాజెక్టుకు అవసరమైన దానికన్నా చాలా ఎక్కువ. సిట్రేట్ మాత్రం దాచొద్దు. ట్రైసోడియం సిట్రేట్ ఒక గ్రాము 100 మిల్లీలీటర్లలో, ఏ రోజుకారోజు కలుపుకోండి. పాతదాంట్లో బూజు పెరుగుతుంది.

ఫ్లాస్కులో 99 మిల్లీలీటర్ల నీళ్లు, బంగారు ద్రావణం ఒక మిల్లీలీటరు పోసి, పైన రిఫ్లక్స్ కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి తిరిగి దింపే గొట్టం) బిగించి, బీడ్ గట్టిగా తిరుగుతుండగా మరిగించండి. అంచుల్లో బుడగలు రావడం మరగడం కాదు, మొత్తం ద్రావణం తెర్లాలి. హాట్ ప్లేట్ మీద కనిపించే అంకెను చూసి మోసపోవద్దు, అది ప్లేట్ వేడి. అప్పుడు ఒక శాతం సిట్రేట్ ఒక మిల్లీలీటరు ఒక్కసారిగా పోసేయాలి. చుక్కచుక్కగా పోస్తే కొన్ని కణాలు ముందు పుట్టి, కొన్ని తర్వాత పుట్టి సైజులు కలగాపులగమవుతాయి. మొదట లేత పసుపు పోయి రంగు లేకుండా అవుతుంది, తర్వాత బూడిద నీలం, కొద్ది నిమిషాల్లో ఎరుపు. ఆ బూడిద నీలం చూసి చెడిందనుకుని ఆపేయకండి, అది దారిలో వచ్చేదే. ఎరుపు వచ్చాక ఇంకో 15 నిమిషాలు మరిగించి, తిప్పుతూనే చల్లార్చండి.

ఈ కొలతలతో దాదాపు 40 నానోమీటర్ల కణాలు వస్తాయి. సిట్రేట్‌ను రెండు మిల్లీలీటర్లు చేస్తే 16 నానోమీటర్ల దగ్గరకు దిగుతాయి. స్ట్రిప్‌కు మీరు 40నే ఎంచుకోండి. ఒక్కో కణం చూపే రంగు దాని ఘనపరిమాణంతో పాటు పెరుగుతుంది. సైజు రెట్టింపైతే రంగు ఎనిమిది రెట్ల దాకా వెళుతుంది. అలాగని ఇంకా పెంచుకుంటూ పోతే కణాలు బరువై అడుగుకు దిగుతాయి, మెంబ్రేన్‌లో (స్ట్రిప్ మీద ద్రవం పాకే పొర) సాఫీగా పాకవు. ఒకే విడతలో చేసిన 40 నానోమీటర్ల కణాలు అన్నీ గుండ్రంగా ఉండవు. స్ట్రిప్‌కు అది అడ్డం కాదు.

చల్లారాక 400 నుంచి 800 నానోమీటర్ల వరకు ఎక్కడ ఎంత కాంతి పీల్చుకుంటుందో స్కాన్ తీయండి. శిఖరం 525 నుంచి 530 మధ్య, దాని ఎత్తు దాదాపు 1 ఉండి, 700 నానోమీటర్ల దగ్గర గీత నేలకు అంటినట్టు ఉంటే బ్యాచ్ మంచిది. 650 దగ్గర గూని లేచి ఉంటే కంటికి ఎర్రగా కనిపించినా వాడొద్దు. మంచి బ్యాచ్‌ను చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, గడ్డకట్టిందంటే ఇక తిరిగి రాదు.

యాంటీబాడీ ఎక్కించే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. చాలామంది దాటవేసేదీ, ప్రాజెక్టు మొత్తాన్ని కాపాడేదీ ఇదే. బంగారం పీహెచ్‌ను 0.2 మోలార్ పొటాషియం కార్బొనేట్‌తో మెల్లగా 8.5-9కి తీసుకురండి. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్‌ను నేరుగా ముంచొద్దు. అందులోంచి కారే పొటాషియం క్లోరైడ్ బంగారాన్ని విరగ్గొడుతుంది, బంగారం ఎలక్ట్రోడ్‌ను మూసేస్తుంది. పీహెచ్ కాగితం చాలు. తర్వాత ఎనిమిది చిన్న ట్యూబుల్లో అర మిల్లీలీటరు చొప్పున బంగారం పోసి, మిల్లీలీటరుకు 0, 1, 2, 4, 6, 8, 12, 16 మైక్రోగ్రాములు వచ్చేలా యాంటీబాడీ కలపండి. పది నిమిషాలాగి, ఒక్కోదాంట్లో 10 శాతం ఉప్పు నీళ్లు 50 మైక్రోలీటర్లు వేయండి. మరో పది నిమిషాలకు చూస్తే మొదటి ట్యూబులు నీలంగా, యాంటీబాడీ కణాలను పూర్తిగా కప్పిన చివరివి ఎర్రగా ఉంటాయి. ఎరుపు నిలిచిన మొదటి ట్యూబు ఎక్కడుందో అదే మీకు కావలసిన కనీస మోతాదు, దానికి ఇరవై శాతం కలుపుకుని వాడండి. కన్ను మోసం చేస్తుందనిపిస్తే 520, 620 దగ్గర కొలిచి ఒకదాన్ని ఇంకోదానితో భాగించి గ్రాఫ్ గీయండి. ఈ గ్రాఫ్ రిపోర్టులో పెడితే ఎగ్జామినర్ అడగబోయే సగం ప్రశ్నలకు అదే జవాబు.

అన్ని ట్యూబులూ నీలమైతే యాంటీబాడీలో ఇంకా ఉప్పుంది, లేదా పీహెచ్ తప్పింది. అన్నీ, సున్నా ట్యూబుతో సహా, ఎర్రగా ఉంటే ఉప్పు సరిగా పడలేదు, లేదా మీ బంగారంలో ముందే ఏదో ప్రొటీన్ గానీ డిటర్జెంట్ గానీ చేరింది.

మోతాదు తేలాక 10 మిల్లీలీటర్ల బంగారాన్ని తిప్పుతూ యాంటీబాడీ కలిపి అరగంట ఉంచండి. తర్వాత చివరికి ఒక శాతం వచ్చేలా బీఎస్ఏ కలిపి ఇంకో అరగంట. ముందు శత్రువైన బీఎస్ఏ ఇప్పుడు కావాలి, మిగిలిన ఖాళీలు పూడ్చడానికి. సెంట్రిఫ్యూజ్‌లో 6,000 జీ దగ్గర, 4 డిగ్రీల్లో అరగంట తిప్పండి. ఇది జీ (గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లన్నది), ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లన్నది) కాదు. మీ రోటర్ వ్యాసార్ధాన్ని బట్టి లెక్క వేసుకోవాలి. అడుగున ముదురెరుపు ద్రవంలా, ట్యూబు వంచితే కదిలే ముద్ద ఉండాలి. గోడకు నల్లగా అంటుకుని పిపెట్‌తో కదలకపోతే ఎక్కువ వేగంతో తిప్పారు, లేదా పూత చాలలేదు. పైనున్న నీళ్లు తీసేసి, ఒక శాతం బీఎస్ఏ ఉన్న 10 మిల్లీమోలార్ బోరేట్ ఒక మిల్లీలీటరులో కలిపితే ఓడీ (రంగు గాఢత) 10 ఉన్న కాంజుగేట్, అంటే యాంటీబాడీ అంటిన బంగారం, చేతికొస్తుంది. స్ట్రిప్‌కు 5 మైక్రోలీటర్ల లెక్కన రెండు వందల స్ట్రిప్‌లకు సరిపోతుంది. ఇదే పద్ధతిలో యాంటీబాడీ లేకుండా ఒట్టి బీఎస్ఏతోనే ఇంకో చిన్న బ్యాచ్ చేసి పక్కన పెట్టుకోండి. దాని అవసరం త్వరలోనే వస్తుంది.

పూర్తి స్ట్రిప్‌కు అప్పుడే పోవద్దు. సగం స్ట్రిప్‌తో మొదలుపెట్టండి. అంటే బ్యాకింగ్ కార్డు మీద నైట్రోసెల్యులోజ్ మెంబ్రేన్, పైన అబ్సార్బెంట్ ప్యాడ్, అంతే. శాంపిల్ ప్యాడ్, కాంజుగేట్ ప్యాడ్ వద్దు. టెస్ట్ దగ్గర రెండో ఎన్ఎస్1 యాంటీబాడీ, కంట్రోల్ దగ్గర మేక నుంచి తీసిన యాంటీ-మౌస్ ఐజీజీ (ఎలుక యాంటీబాడీని పట్టుకునేది), రెండూ మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, పల్చని ఫాస్ఫేట్ బఫర్‌లో. గీతలు గీసే డిస్పెన్సర్ మీ ల్యాబ్‌లో లేకపోతే అర మైక్రోలీటరు చుక్కలుగా పెట్టండి, రెంటికీ మధ్య 6 మిల్లీమీటర్ల ఎడం ఉంచి. చుక్క గీతంత అందంగా ఉండదు గానీ సమాచారంలో తేడా లేదు. 37 డిగ్రీల దగ్గర గంటన్నర ఆరనివ్వండి. 96 గుంటల ప్లేట్‌లో కాంజుగేట్ 5 మైక్రోలీటర్లు, శాంపిల్ 10 మైక్రోలీటర్లు, ఒక శాతం బీఎస్ఏ, 0.1 శాతం ట్వీన్-20 (డిటర్జెంట్) ఉన్న పీబీఎస్ 60 మైక్రోలీటర్లు వేసి, స్ట్రిప్ కొన ముంచి, 15 నిమిషాలకు చదవండి. కణాల మీద పూత ఉంది కాబట్టి ఇప్పుడు పీబీఎస్ ఏమీ చేయదు.

మొదటి రెండు వారాలు కంట్రోల్ చుక్క ఒక్కటే వచ్చేలా చూడండి. అది వస్తే కాంజుగేట్ బతికున్నట్టు. ఎన్ఎస్1ను ఆ తర్వాతే తీయండి, అదీ రీకాంబినెంట్ ప్రొటీన్, అంటే ల్యాబ్‌లో తయారుచేసినది. రోగుల రక్తం ఈ దశలో వద్దే వద్దు. ఇన్‌స్టిట్యూషనల్ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర మిగిలిన శాంపిళ్లు తెచ్చుకోవడం తప్పు. మీ ఐదు నెలల్లో అనుమతి వచ్చి శాంపిళ్లు చేతికందడం కూడా కష్టమే. నార్మల్ సీరం కొని అందులో ఎన్ఎస్1 కలిపి చేసినా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నిండుగా ఉంటుంది. యాంటీబాడీలు కొనేటప్పుడు ఒకే ప్రొటీన్ మీద వేర్వేరు చోట్ల అతుక్కునే జంట కావాలని, అది స్ట్రిప్‌కు పరీక్షించినదేనా అని కంపెనీని అడగండి. ఎలైసాలో (ప్లేటు గుంటల్లో చేసే యాంటీబాడీ పరీక్ష) బాగా పనిచేసే జంట స్ట్రిప్‌లో ఓడిపోవచ్చు. అక్కడ గంట సమయం ఉంటుంది, ఇక్కడ యాంటిజెన్ గీత దాటిపోవడానికి కొన్ని సెకన్లే.

మిల్లీలీటరుకు 0, 1, 5, 10, 25, 50, 100, 500 నానోగ్రాములు, ఒక్కో మోతాదుకు మూడు స్ట్రిప్‌లు చేయండి. సున్నాకు మాత్రం ఇరవై. మీ ప్రాజెక్టు గొప్పతనం ఈ ఇరవైలోనే ఉంది. యాంటిజెన్ ఉన్నచోట గీత తెప్పించడం కష్టమేమీ కాదు, లేనిచోట రాకుండా చూడటమే అసలు పని. స్ట్రిప్‌లన్నీ ఒకే డబ్బాలో, ఒకే దీపం కింద, ఒకే దూరం నుంచి ఫోన్‌తో ఫొటో తీసి ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో గీత ముదురుదనం కొలవండి. సున్నా స్ట్రిప్‌ల సగటుకు మూడు స్టాండర్డ్ డీవియేషన్లు కలిపితే వచ్చే గీటు దాటిన అతి తక్కువ మోతాదే మీ గుర్తింపు పరిమితి. కంటికి లీలగా కనిపించిందని రాయొద్దు.

సున్నాలో కూడా టెస్ట్ చుక్క ఎర్రబడుతుంటే, పక్కన పెట్టిన బీఎస్ఏ బంగారాన్ని తీయండి. దానితోనూ ఎర్రబడితే మెంబ్రేన్ మీద కణాలు ఊరికే అంటుకుంటున్నాయి, ట్వీన్‌ను 0.5 శాతానికి పెంచండి, బఫర్‌లో కేసీన్ (పాల ప్రొటీన్) కలపండి. దానితో రాకుండా అసలు కాంజుగేట్‌తోనే వస్తే రెండు యాంటీబాడీలు ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి. అప్పుడు ఏ బఫరూ కాపాడదు, జంట మార్చాలి. 15 నిమిషాల దగ్గర లేని గీత 40 నిమిషాలకు తేలితే అది పాజిటివ్ కాదు. మెంబ్రేన్ ఆరుతున్నప్పుడు వెనక్కి వచ్చిన కణాలు అక్కడ చిక్కుకుంటాయి. కొవిడ్ కిట్ల మీద టైము దాటాక చదవొద్దని రాసింది ఇందుకే.

పైవైపు నుంచి కూడా ఒక ఉచ్చు ఉంది. యాంటిజెన్ మరీ ఎక్కువైతే బంగారం మీది యాంటీబాడీలూ నిండిపోతాయి, గీత మీదివీ విడిగా నిండిపోతాయి, రెంటినీ కలిపే వంతెన ఉండదు, గీత మాయమవుతుంది. డెంగీలో కొందరి రక్తంలో ఎన్ఎస్1 మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల దాకా వెళుతుంది కాబట్టి ఇది మాటవరసకు చెప్పేది కాదు. 10, 50 మైక్రోగ్రాముల దగ్గర కూడా స్ట్రిప్ నడిపి, అదే శాంపిల్‌ను పది రెట్లు పల్చన చేసి మళ్లీ నడపండి.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, మీ జంట నాలుగింటినీ సమానంగా పట్టకపోవచ్చు. డబ్బులుంటే నాలుగు ఎన్ఎస్1లూ కొనండి, లేకపోతే దేని మీద చేశారో రిపోర్టులో స్పష్టంగా రాయండి. జికా ఎన్ఎస్1 ఒకటి ఉంటే అడ్డ ప్రతిచర్య (మీ జంట జికా ప్రొటీన్‌నూ పట్టేస్తుందా అన్నది) కూడా చూడొచ్చు. ఇంకొకటి: రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలో పాత యాంటీబాడీలు ఎన్ఎస్1ను ముందే చుట్టేసి ఉంటాయి, అందుకే అలాంటివారిలో స్ట్రిప్‌లు ఎక్కువగా తప్పుతాయి. నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదని కాదన్న మాట మీ రిపోర్టు చర్చా భాగంలో ఉండి తీరాలి. ఆ వాక్యం రోగికి సంబంధించింది.

సగం స్ట్రిప్ నిలకడగా వస్తే పూర్తి స్ట్రిప్ కట్టండి. కాంజుగేట్‌కు 10 శాతం చక్కెర కలిపి గ్లాస్ ఫైబర్ ప్యాడ్ మీద వేసి ఆరబెట్టాలి. చక్కెర లేకపోతే కణాలు ప్యాడ్‌కే కరుచుకుని కదలవు. ప్యాడ్లు ఒకదానిమీద ఒకటి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కి ఉండాలి. ఎక్కకపోతే ద్రవం అక్కడే ఆగుతుంది. మెంబ్రేన్‌ను వేళ్లతో ముట్టుకోవద్దు. మన ఊళ్లో వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆరబెట్టిన ప్యాడ్ మళ్లీ తేమ పీలుస్తుంది, సిలికా జెల్ పొట్లంతో ఫాయిల్ కవర్లో వెంటనే సీల్ చేయాలి. 40 డిగ్రీలు దాటే మే నెలలో గదిలో వదిలేసిన స్ట్రిప్‌లు వేరేగా ప్రవర్తిస్తాయి. కొన్ని స్ట్రిప్‌లను 4 డిగ్రీలు, గది వేడి, 45 డిగ్రీల దగ్గర నెల్లాళ్లు ఉంచి పోల్చారంటే అదొక్కటే రిపోర్టులో ఒక అధ్యాయమవుతుంది. తిరుపతిలో చేసినవాళ్లు తప్పకుండా చూడాల్సిన అధ్యాయం కూడా.

మీ స్నేహితులు చెప్పిన వెండి గురించి. వారంలో రిజల్టు వస్తుందన్న మాట నిజమే. ఆకు రసంలో సిల్వర్ నైట్రేట్ కలిపితే గోధుమ రంగు వస్తుంది, 420 నానోమీటర్ల ప్రాంతంలో శిఖరం వస్తుంది, క్యాన్సర్ కణాలూ చస్తాయి. కానీ వాటిని చంపింది నానో కణమా, కరిగి ఉన్న వెండి అయానా, ఆకు రసమా? వెండి అయాన్ ఏ కణాన్నైనా చంపుతుంది. ఒట్టి ఆకు రసం, అదే మోతాదు సిల్వర్ నైట్రేట్, నానో కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి తీసేశాక మిగిలిన నీళ్లు, ఈ మూడింటితో పాటు క్యాన్సర్ కాని మామూలు కణాలు కూడా పక్కన పెట్టకపోతే ఆ ప్రయోగానికి అర్థం లేదు. పైగా ఎమ్‌టీటీ పరీక్షలో (బతికున్న జీవకణాలు ఎమ్‌టీటీ అనే పసుపు రంగును ఊదాగా మార్చడాన్ని కొలిచేది) నానో కణాలు తామే కాంతిని పీలుస్తాయి, రసంలోని పదార్థాలు జీవకణాలు లేకపోయినా ఎమ్‌టీటీని ఊదాగా మార్చగలవు. జీవకణాలు లేని గుంటల్లోనూ అన్నీ వేసి చూడాలి. ఇవన్నీ చేస్తే అది వారం పని కాదు, చేయకపోతే అది ఫలితం కాదు.

ఎర్రచందనం శేషాచలంతో పాటు తూర్పు కనుమల దక్షిణ భాగానికి సొంతమైన చెట్టు, అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులోంచి ఆకు కూడా తేకూడదు. ఎవరో తెచ్చి ఇస్తామన్నా వద్దనండి.

ప్లేటులో కణాలు చావడానికీ రోగానికి మందు కావడానికీ మధ్య దూరం ఎంతో కూడా తెలియాలి. డాక్సిల్ అనే లైపోసోమ్ (సన్నని కొవ్వు బుడగలో నింపిన) మందు అమెరికాలో 1995లోనే అనుమతి పొందింది, నానో వైద్యం ఒట్టి కల కాదు. అయినా పదేళ్లలో ఎలుకల మీద వచ్చిన అధ్యయనాలను 2016లో ఒకచోట చేర్చి చూస్తే, ఎక్కించిన నానో కణాల్లో కణితిని చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. రక్తంలో పడిన క్షణం నుంచే ప్రొటీన్లు కణాన్ని కప్పి దాని ముఖం మార్చేస్తాయి. చికిత్స వైపు వెళ్లాలన్న కోరిక మీకుంటే పీహెచ్‌డీలో వెళ్లండి. ఉప్పు పరీక్షలో మీరు నేర్చుకునేదంతా, అంటే కణం ఉపరితలం మీద ఏముందన్నది, అక్కడ మొదటి పాఠంగా పనికొస్తుంది.

కణాల సైజుకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో కావాలి. ఏర్పేడు వైపున్న ఐఐటీ, ఐసర్‌లలో గైడ్ ఉత్తరంతో అడిగి చూడండి, కుదరకపోతే చెన్నైలో మద్రాస్ ఐఐటీ సైఫ్‌కు (బయటివాళ్లకూ పరికరాలు అందించే కేంద్రం) శాంపిల్ పంపవచ్చు. క్యూ ఉంటుంది కాబట్టి మొదటి మంచి బ్యాచ్ రాగానే పేరు నమోదు చేయించుకోండి. డీఎల్ఎస్‌లో (కాంతి చెదరడాన్ని బట్టి సైజు కొలిచే పద్ధతి) సైజు మైక్రోస్కోప్‌కన్నా పెద్దగా వస్తే కంగారు పడొద్దు. అది కణంతో పాటు పైన ప్రొటీన్ పూతను, దాన్ని అంటిపెట్టుకున్న నీటిని కూడా కలిపి కొలుస్తుంది. పూతకు ముందు, తర్వాత రెండూ కొలిస్తే యాంటీబాడీ ఎక్కిందనడానికి అదొక సాక్ష్యం.

చెడిపోయిన బంగారాన్ని సింకులో పోయకండి, విడిగా ఒక సీసాలో కూడబెట్టండి. అజైడ్ ఉన్న బఫర్లను ఆమ్లాల సీసాలో అస్సలు కలపొద్దు, విషవాయువు వస్తుంది. లోహపు పైపుల్లో పోస్తే పేలే లవణాలు పేరుకుంటాయి. రెంటికీ వేర్వేరు సీసాలు, పైన పేరు, తేదీ రాసి పెట్టుకోండి. ఈ వారం చేయాల్సింది రెండే: యాంటీబాడీ కాగితం చదవడం, కొత్త ఫ్లాస్కులో ఒక బ్యాచ్ చేసి స్కాన్ తీయడం. ఆ స్కాన్ గ్రాఫ్, యాంటీబాడీ కాగితం ఫొటో పంపితే ఉప్పు పరీక్ష మోతాదులు మీ యాంటీబాడీకి సరిపోయేలా లెక్కవేసి చెబుతాం.